తొలి ఏడు బండి వద్దన్న మా మామ

మా మామ పోయాడు. నాకు పిల్లనిచ్చిన మామ, పంజగుట్ట రోడ్డు వారన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి మోటార్లు బాగుచేసిన మనిషి. ఆ కబురు నాకు అమీర్‌పేటలో బస్సు డ్రైవరు సీటు మీద ఉండగా అందింది. జనం ఎక్కారు, కండక్టరు గంట కొట్టాడు, నేను మాత్రం బండి తియ్యకుండా బ్రేకు పెడలు అదిమిపట్టి లోలోపల లెక్కపెట్టుకుంటున్నాను. వెనక జనం ఎప్పటిలాగే గొణుగుతున్నారు. పదకొండు దగ్గర ఉన్నప్పుడు ఎదురు షెడ్డు మేస్త్రీ వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. మా మామ షెడ్డుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, అతని షెడ్డు. సైకిలు గట్టిగా తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు.

“జర దిగన్నా. మీ మామ పోయిండు,” అన్నాడు. “చాయ సాసర్ల పోసుకొని, సల్లారనీ అని కూసున్నడు. గట్లనే కూసున్నడు. ఎంతకూ కదలకపోతే మేమే పోయి చూసినం.”

వేడి చాయ అన్నా మా మామకు భయమే. సాసర్లో పోసి, పొగ పోయిందాకా చూసి, అప్పుడు పెదవి ఆనించేవాడు. ఎన్నిసార్లు నవ్వానో ఆ చాయ చూసి.

బస్సు ఇంకో డ్రైవరుకు అప్పజెప్పి మేస్త్రీ సైకిలు వెనక కూర్చున్నాను. దారి పొడుగునా అతను మంచి మాటలే చెప్పాడు. “మస్తు మంచోడన్నా. ఒకని జోలికి పోయెటోడు కాదు. చెయ్యి సుత మంచిదే. గా చిన్నదొర బండ్ల తప్పు నూనె పోసిండు చూడు, గదొక్కటే. గప్పటి సంది షెడ్డు మల్ల లేవలే.”

సీటు కింది స్ప్రింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ మాట ఎవరెత్తినా ఏళ్లుగా నేను చేతికి అందిందేదో అలాగే పట్టుకుంటాను. ఎందుకో ఇది పూర్తిగా చదివితే మీకే తెలుస్తుంది. చదివాక నన్ను తిట్టుకున్నా నేను కాదనను.

ముందు ఒక మాట. మా మామ పిరికివాడు. పోయినవాడి గురించి ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు, కానీ ఆయన్ను ఎరిగినవాళ్లెవరూ దీన్ని కాదనరు. షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ నాలుగు చక్రాల వెనకా నాలుగు రాళ్లు పెట్టేవాడు. చదును నేల మీద నిలబెట్టిన సైకిలుకు కూడా రాయే. ఎదురు షెడ్డు మేస్త్రీ ఆయనకు రాళ్ల ఉస్తాదని పేరు పెట్టాడు, ఆ పేరే ఖైరతాబాదు దాకా పాకింది. రోడ్డు దాటాలంటే ఎద్దుబండి ఎంత దూరంలో ఉన్నా అది వచ్చి, వెళ్లి, దుమ్ము అణిగిందాకా నిలబడేవాడు. దొరలెవరైనా షెడ్డుకు వస్తే బానెట్ తెరిచి తల లోపలికి పెట్టేవాడు, అడిగినదానికి అక్కణ్ణుంచే జవాబు చెప్పేవాడు. పై పెదవి మీద చెమట మాత్రం మెరుస్తూ ఉండేది.

ఆయన పుట్టుక మగ్గాలవాళ్ల ఇంట్లో. వయసులో ఉండగానే మగ్గం విడిచి నగరానికి వచ్చి, ఒక మోటారు ఖానాలో పని నేర్చుకున్నాడు. చేతిలోకి పానా వచ్చింది కానీ చూపు మాత్రం మగ్గం ముందు కూర్చున్నవాడిదే. “పోగు తెగితే కంటికి కనబడ్తది అల్లుడా. కంట పడందాన్ని నేను నమ్మ,” అనేవాడు. నాకు డ్రైవరు పని నేర్పింది ఆయనే. బండి ఎక్కగానే బ్రేకు అదిమిపట్టి ఇరవై లెక్కపెట్టాలి. పెడలు జారకుండా నిలిస్తేనే బండి తియ్యాలి. “జారితే?” అని అడిగాను మొదటిరోజు. “దిగి నడువు,” అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

నేను చిన్నదొర దగ్గర డ్రైవరుగా కుదిరిన సంగతి ఇప్పుడు చెప్పాలి. జిల్లాలో కోటలాంటి పెద్ద గడీ ఉన్న కుటుంబం వాళ్లది, బేగంపేటలో బంగళా. చిన్నదొరకు పాతికేళ్లుంటాయి. చదువుకున్నవాడు, నవ్వితే ముద్దొచ్చేవాడు, కోపం వస్తే మాత్రం మనిషి కాదు. నాకంటే ముందున్న డ్రైవరు ఒక దీపం పగలగొట్టాడని గడీకి పంపించారు. వారం తర్వాత తిరిగొచ్చాడు, కానీ మళ్లీ ఎప్పుడూ తిన్నగా నడవలేదు. అడిగితే జారి పడ్డానన్నాడు. మేమంతా నమ్మినట్టే తలూపాం. ఆ బంగళాలో అందరం అలా తలూపి బతికినవాళ్లమే.

చిన్నదొరకు వేగం పిచ్చి. యుద్ధానికి ముందు మాట. బొంబాయి నుంచి ఒక బేరగాడు రెండు విలాయతి బండ్లు రైలు మీద తెచ్చి బంగళా ముందు నిలబెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, రెండూ పై కప్పు లేనివి, పందేలకు పనికొచ్చే బండ్లు. ఒకటి ముప్పై ఆరు మోడల్, ఆకుపచ్చది. రెండోది ముప్పై ఏడు మోడల్, మీగడ రంగుది. మధ్యలో ఒక్క ఏడాదే తేడా, కానీ ఆ ఏడాదిలో కంపెనీవాడు బండిని అడుగునుంచి మార్చేశాడు. కొత్తదానికి ఇంజను పెద్దది, స్టీరింగు వేలితో తిప్పేటంత తేలిక. అన్నిటికీ మించి పాతదానికి కడ్డీ బ్రేకులైతే దీనికి ఆయిల్ బ్రేకులు. పెడలు తొక్కితే సన్నని గొట్టాల్లోంచి నూనె పోయి చక్రాలను పట్టుకుంటుంది. అట్లాంటిది మేమెవరం అప్పటిదాకా చూడలేదు.

చిన్నదొర మా మామకు కబురు పెట్టాడు. రెండిట్లో ఏది కొనాలో చూసి చెప్పమన్నాడు. మామ పొద్దున్నే వచ్చి, ఎనిమిది చక్రాలకూ ఎనిమిది రాళ్లు పెట్టి, ఒక్కో బండి కింద పూటంతా పడుకున్నాడు. నేను మాత్రం మీగడ రంగు బండి చుట్టూ తిరుగుతున్నాను. పెళ్లయి రెండేళ్లయినా కాలేదు, మీసం మీద చెయ్యి తియ్యని వయసు. ఆ బండిని నేను నడుపుతుంటే అబిడ్స్‌లో జనం ఆగి చూడటం అప్పటికే నా కళ్ల ముందు కనిపిస్తోంది.

సాయంత్రం మామ లేచి, చేతులు తుడుచుకుని, దొర మొహం చూడకుండా బండి చక్రంతో చెప్పినట్టు చెప్పాడు. “పాతది తీసుకోండి దొరా. ముప్పై ఆరుది.”

“ఎందుకు? కొత్తది ఎక్కువ ఉరుకుతది గద?”

“ఉరుకుతది దొరా. కని ఇది కొత్త నమూనా, తొలి ఏడు బండి. మా మగ్గాల కాడ కొత్త నమూనా ఎత్తినంక తొలి చీర అంగడికి పంపం. అండ్ల తప్పులుంటయి, ఇంట్లనే కట్టుకుంటం. పాత నమూనా ఆఖరు చీర చూడుండ్రి, దాంట్ల తప్పు దొర్కది. చెయ్యి గంత తిరిగి ఉంటది. గా పచ్చ బండి గసొంటిది. దీని తప్పులు కంపెనోనికి సుత ఇంక తెల్వయి. మనం నడిపి చెప్పాలె వానికి.”

“బ్రేకులో?”

“కడ్డీ తెగితే కంటికి కనబడ్తది దొరా. నూనె కారుడు ఎవలకు కనబడ్తది?”

చిన్నదొర పకపకా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “నడిపేటోనివి నువ్వు. నువ్వు చెప్పురా, ఏది?”

మామ అప్పుడు నన్ను చూశాడు. ఆ చూపులో ఉన్నది బతిమాలడమే. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. “మా మామకు సైకిలంటే సుత భయమే దొరా. కొత్తదే తీసుకోండ్రి,” అన్నాను. అందరూ నవ్వారు. మామ వంగి ఎనిమిది రాళ్లూ ఒక్కొక్కటే ఏరి గోడ వారన పేర్చి వెళ్లిపోయాడు.

ఇంకొకరైతే అలిగేవారు. ఆయన మర్నాడే నన్ను పిలిచి, “నువ్వెక్కేది గా బండేనా? అయితే దాన్ని నేర్వాలె,” అన్నాడు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని బడిపంతులు దగ్గరికి పట్టుకుపోయి, బ్రేకుల పాఠం నాలుగుసార్లు చదివించుకున్నాడు. చక్రం లోపల రబ్బరు గిన్నెలుంటాయని, నూనె వాటిని తోస్తే బ్రేకు పడుతుందని, ఆ రబ్బరుకు పడని నూనె పోస్తే అది ఉబ్బి పాడవుతుందని నేర్చుకున్నాడు. నేర్చుకున్నకొద్దీ భయం ఇంకా పెరిగింది. బండి అడుగున ఆయన నమ్మగలిగింది ఒక్కటే దొరికింది, చేతి బ్రేకు. దానికి మాత్రం నూనె కాదు, ఇనుప తీగ. ఆ తీగను నెలనెలా విప్పి, వేళ్లతో పేట పేటా తడిమి, మళ్లీ బిగించేవాడు. నెలకోసారి నన్ను అమీర్‌పేట అవతలి ఖాళీ రోడ్డు మీదికి తీసుకుపోయి కాలి బ్రేకు ముట్టకుండా బండి ఆపమనేవాడు. మూడో గేరు, రెండో గేరు, చేతి బ్రేకు మెల్లగా, ఆఖరున గట్టిగా. తాను మాత్రం ఎక్కేవాడు కాదు. రోడ్డు పక్కన చెట్టు వెనక నిలబడి కేకలేసేవాడు. నాకు ఒళ్లు మండేది. ఈ ముసలాయన పోరు ఎప్పుడు వదులుతుందిరా అనుకునేవాణ్ణి. దేవుడు నన్ను క్షమించాలి.

నిజం చెప్పాలంటే మూడేళ్లు ఆ బండి ఒక్క తప్పు చెయ్యలేదు. బ్రేకులు కాలు పెడితే చాలు, పడేవి. తర్వాత యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క జనం బండ్ల వెనక ఇంజనుకు గ్యాసు ఇచ్చే బొగ్గు కుంపట్లు కట్టుకున్నారు. చిన్నదొరకు పెట్రోలు ఎట్లాగో దొరికేది కానీ బొంబాయి నుంచి వచ్చే బ్రేకు నూనె డబ్బా రావడం ఆగిపోయింది. ఉన్న డబ్బా అడుగంటింది. మామ మళ్లీ పంతులు దగ్గరికి పోయాడు. ఆ నూనెలో అసలు సరుకు ఆముదమేనని, దానికి స్పిరిట్టు కలుపుతారని తెలుసుకుని వచ్చాడు. ఆముదానికి మన దగ్గర కరువేముంది? ఒక గాజు బుడ్డిలో రెండూ కలిపి, పాత రబ్బరు గిన్నె ఒకటి అందులో వేసి షెడ్డు కిటికీలో పెట్టాడు. రోజూ దాన్ని తీసి దారంతో చుట్టుకొలత చూసేవాడు.

“పదిహేను దినాలు ఆగు అల్లుడా. ఉబ్బకపోతే పోద్దాం,” అన్నాడు.

ఆరో రోజున చిన్నదొర ఎవరో చుట్టంతో పందెం కాశాడు, మర్నాడు బండి కావాలన్నాడు. సీటు ముందు పలక లేపి చూస్తే బ్రేకు నూనె డబ్బీ అడుగున చుక్క లేదు. బండి సిద్ధంగా లేదని దొరకు చెప్పాలి. చెప్పడానికి వరండా దాకా వెళ్లాను కూడా. లోపల ఆయన ఎవరినో అరుస్తున్నాడు. కుంటుతూ తిరిగొచ్చిన డ్రైవరు గుర్తొచ్చాడు. ఇంట్లో మా ఇంటామె నిండు మనిషి, రెండు నెలల్లో పురుడు. కాళ్లు వెనక్కి తిరిగాయి. బంగళా మోటారు షెడ్‌లో ఇంజను ఆయిల్ డబ్బా ఉంది. ఆయిలే కదా అనుకున్నాను. మూత తీసి, ఆ నల్లని చిక్కటి ఆయిల్ బ్రేకు డబ్బీ నిండా పోశాను. చొక్కా అంచు మీద ఒలికింది. తుడుచుకుని మూత పెట్టేశాను.

ఇదిగో, రాసేశాను. చిన్నదొర బండిలో తప్పు నూనె పోసింది నేను. మా మామ కాదు.

పందెం నాడు ఏమీ కాలేదు, పైగా గెలిచాం కూడా. వారం దాకా ఏమీ కాలేదు. తర్వాత చక్రాలు వేడెక్కడం మొదలైంది, బ్రేకు పట్టి వదలడం లేదు. మామతో చెబుదామని షెడ్డుకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఆయన కిటికీలోని బుడ్డి చూపించి, “చూడు, ఇసుమంత సుత ఉబ్బలే,” అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. బాగుందని తలూపి వచ్చేశాను.

ఆ రోజు చిన్నదొరను బంజారా కొండ మీది బంగళా నుంచి తీసుకురావాలి. ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా పెడలు అదిమి లెక్కపెట్టాను. పదకొండు దగ్గర పెడలు నా కాలి కింద మెల్లగా దిగింది. దిగడం నాకు స్పష్టంగా తెలిసింది. “ఏం ఏశాలురా, తియ్యి,” అన్నాడు దొర. దిగి నడవాల్సింది. బండి తీశాను.

దిగుడు మొదలయ్యాక మొదటి మలుపులో బ్రేకు తొక్కితే పెడలు పలక దాకా పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ పలకే తగిలింది. కింద పంజగుట్ట రోడ్డు కనిపిస్తోంది. దాని మీద ఎద్దుబండ్ల వరస, ఒక బండిలో ఆడవాళ్లు, పిల్లలు. దొర ఏదో అరుస్తున్నాడు, నాకు వినపడలేదు. నాకు వినపడింది చెట్టు వెనక నుంచి మా మామ వేసే కేక. మూడో గేరు. రెండో గేరు, ఇంజను ఓ అని మూలిగింది. చేతి బ్రేకు మెల్లగా. వెనక చక్రాలు కీచుమన్నాయి, వేగం సగానికి పడింది, కానీ బండ్ల వరస దగ్గరకు వచ్చేసింది. బ్రేకు పూర్తిగా గుంజి, స్టీరింగు ఎడమకు తిప్పి, రోడ్డు పని కోసం పోసిన కంకర కుప్పలోకి బండిని దూర్చాను. ఎడమ చేతి మణికట్టు విరిగింది. చిన్నదొర నుదురు అద్దం చట్రానికి తగిలి చీలింది. కడమ ఎవ్వరికీ గీటు కూడా పడలేదు.

కంకర కుప్ప మామ షెడ్డుకు పిలిచేంత దూరం. రోడ్డు దాటడానికి దుమ్ము అణిగిందాకా ఆగే మనిషి అటూ ఇటూ చూడకుండా ఎద్దుల మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడు. “అల్లుడా, అల్లుడా,” అంటూ నా తల, భుజాలు, కాళ్లు తడిమాడు. బతికానని తెలిశాక పలక లేపాడు. డబ్బీలో వేలు ముంచి వాసన చూశాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ వేలు ధోవతికి తుడుచుకున్నాడు.

అప్పటికి ఎదురు షెడ్డు మేస్త్రీ, దారినపోయేవాళ్లు, బండ్లవాళ్లు చుట్టూ మూగారు. చిన్నదొర రుమాలుతో నుదురు అదుముకుని దిగాడు. నెత్తురు కంట్లోకి కారుతోంది. “ఏమైంది బ్రేకులకు?” అన్నాడు.

మామ నిజమే చెప్పాడు. “ఇంజను ఆయిల్ పోసిండ్రు దొరా. రబ్బర్లు ఉబ్బి చినిగినయి.”

“ఎవడు పోసిండు?”

“పోసింది నేనే దొరా” అనాలి. మూడు మాటలు. గడీ కనిపించింది, కుంటుకాలు కనిపించింది, మా ఇంటామె కడుపు కనిపించింది. దొర నా మీదికి ఒక అడుగు వేశాడు. “గడీకి తోలియ్యాల్నా? నోరు తెరువు!”

“నేనే పోసిన దొరా,” అన్నాడు మామ.

తల బానెట్‌లో పెట్టి కాదు. దొర మొహం చూసి అన్నాడు. పై పెదవి మీద చెమట కారుతోంది. “మంచి నూనె దొర్కలే. గది నడుస్తదనుకున్న. తప్పు నాదే. గీ పిలగానికి ఏం తెల్వదు. వాడు ఆపకపోతే పెద్ద మోసమైతుండె.”

దొర చాచి కొట్టాడు. దారంతో కట్టుకున్న కళ్లద్దాలు ఎగిరి కంకరలో పడ్డాయి. “ఇయ్యాల్టి సంది నా బండి గాని నా చుట్టాల బండి గాని ఈని షెడ్డు తొక్కొద్దు,” అని అందరూ వినేలా చెప్పి వెళ్లిపోయాడు. మామ వంగి, చేతులతో తడుముతూ కళ్లద్దాలు వెతుక్కున్నాడు. తర్వాత ఒక రాయి తెచ్చి, కంకరలో సగం పూడిపోయిన ఆ బండి చక్రం వెనక పెట్టాడు. అక్కడున్నవాళ్లు కొందరు నవ్వారు. నేను నవ్వలేదు.

“ఇంటికి పో,” అన్నాడు నాతో. “నా బిడ్డకు నీ చెయ్యి విరిగిందని మెల్లగ చెప్పు. బుగులు పడ్తది.”

నెలన్నరకు మాకు ఆడపిల్ల పుట్టింది. తర్వాత ఆ కొలువు మానేసి బస్సుల్లో చేరాను. షెడ్డుకు మాత్రం మంచి బండ్లు రావడం ఆగిపోయింది. నూనె తెలియని ఉస్తాదన్నారు. తోటి మేస్త్రీలు ఆ ముచ్చట చాయ దగ్గర చెప్పుకుని నవ్వుకునేవారు. మామ సైకిళ్లు చేశాడు, ఎద్దుబండ్ల ఇరుసులు చేశాడు, బొగ్గు కుంపట్లకు అతుకులు వేశాడు. కిటికీలోని ఆముదం బుడ్డి మాత్రం తియ్యలేదు. ఏళ్లు గడిచినా ఆ రబ్బరు గిన్నె అందులో వేసినరోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కాస్త బుద్ధి పెట్టి చూసినవాడికి ఎవడికైనా అర్థం కావాలి, ఇంత తెలిసిన మనిషి ఇంజను ఆయిల్ పోస్తాడా అని. ఎవరూ చూడలేదు. చూడకూడదనే నేను కోరుకున్నాను.

ఒకసారి ధైర్యం చేశాను. “మామా, నీ మాట ఇని గా పాత మోడల్ కొనిపిస్తే బాగుండు,” అన్నాను.

“లే అల్లుడా. గా సంగతిల నేనే తప్పు చెప్పిన. గా బ్రేకులు మస్తు మంచియి. తొలి ఏడుదైనా కంపెనోడు కుదురుగ చేసిండు. నాకు తెల్వక భయపడ్డ.”

“మరి తప్పు...”

“పానా ఇయ్యి,” అన్నాడు. ఇచ్చాను. ఆ తర్వాత ఆ మాట మళ్లీ మా ఇద్దరి మధ్యకు రాలేదు.

భయం ఆయనకూ ఉంది, నాకూ ఉంది. ఆయన భయపడి రాళ్లు పెట్టాడు, తీగ బిగించాడు, నాకు లెక్క నేర్పాడు. నేను భయపడి అబద్ధం చెప్పకుండానే అబద్ధమాడాను, ఇన్నేళ్లు. చిన్నదొర ఇప్పుడు ఎక్కడో దూరదేశంలో ఉన్నాడంటారు. నన్నెవరూ గడీకి పంపరు. అయినా భయం పోలేదు. కూతురి ముందు, మా ఇంటామె ముందు, ఆ షెడ్ల వరస ముందు ఏ మొహం పెట్టుకోను అన్న భయం అది.

మామకు కొడుకులు లేరు. నిప్పు నేనే పట్టుకోవాల్సి వచ్చింది. పంజగుట్ట శ్మశానానికి పోయే దారి ఏటవాలు. సగం దారిలో ఆనవాయితీ ప్రకారం పాడె దించారు. ఒకవేళ ప్రాణం ఉండి ఉంటే పలుకుతాడని, చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి కదా. ఎదురు షెడ్డు మేస్త్రీ ఒక బొంగు మోస్తున్నాడు. పాడె నేలకు ఆనగానే అతను పక్కకు వంగి, పిడికిలంత రాయి ఒకటి ఏరి, పల్లం వైపు బొంగుకు ఆనించి పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. “మామా,” అన్నాను. రెండోసారి, “మామా,” అన్నాను. ముందరి రోజు బస్సులో లెక్క పదకొండు దగ్గర ఆగిపోయిందని ఎందుకో గుర్తొచ్చింది. మూడోసారి అందరికీ వినపడేలా పిలిచాను. “మామా, చిన్నదొర బండ్ల నూనె పోసింది నేను. నువ్వు కాదు. నేను.”

డప్పు ఆగిపోయింది. మేస్త్రీ నన్ను చూశాడు, మామ మొహం చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. “కిటికీల బుడ్డి ఉండె,” అన్నాడు చివరికి, తనలో తాను. “రోజూ నా కండ్ల ముందట్నే ఉండె.”

కాసేపటికి ఎవరో లేవనెత్తుదామన్నారు. బండి కదిలేముందు రాయి తియ్యాలన్నది మామ నియమం. మేస్త్రీ వంగి ఆ రాయి తీశాడు. పారెయ్యబోయి ఆగి, దుమ్ము తుడిచి జేబులో వేసుకున్నాడు. తర్వాత బొంగు కిందికి భుజం పెట్టాడు.